హిక్‌మన్ రోడ్డు కరిగిన వారం

ఫిబ్రవరి 19

ఈ ఏడు మొదటిసారి కోటు లేకుండా బయటికెళ్ళాను. ఊరంతా సంబరంగా ఉంది. కౌంటీ రోడ్ల ఆఫీసులో మా కమిషనర్ గ్రెగ్ కిటికీ తెరిచి, "స్ప్రింగ్ వచ్చేసింది విద్యా" అన్నాడు. ఇంకా ఫిబ్రవరే అన్నాను.

మధ్యాహ్నం హిక్‌మన్ రోడ్డుకి వెళ్ళాను. కౌంటీలో అన్నిటికన్నా ముందు చెడేది అదే. పైకి ఏమీ తెలియదు. తారు పొడిగా మెరుస్తోంది. అంచున బూటుతో గట్టిగా నొక్కితే పగుళ్ళలోంచి నీళ్ళు ఊరాయి.

ఇక్కడిది గాలి తెచ్చిపోసిన మట్టి, పిండిలా ఉంటుంది. చలికాలమంతా కిందినుంచి నీళ్ళు పీల్చుకుని పొరలు పొరలుగా మంచు కడుతుంది. అప్పుడు ఏనుగుల మంద నడిచినా ఢోకా లేదు. ఎండ తగలగానే పైనుంచి కరగడం మొదలుపెడుతుంది, అడుగున ఇంకా గడ్డే. కరిగిన నీళ్ళకి దిగే దారి ఉండదు. తారు కింద మట్టి నానిన అటుకుల్లా అయిపోతుంది. మా వైపు నల్లరేగడి నయం. ఎండకి నోరు తెరుస్తుంది, వానకి ఉబ్బుతుంది, ఏం చేసినా కంటికి కనబడేట్టు చేస్తుంది. ఈ మట్టి ఏదీ బయటపెట్టదు.

రేపే బోర్డులు పెట్టించాలి.

ఫిబ్రవరి 20

పెట్టించాను. లోడు లారీలు హిక్‌మన్ రోడ్డు ఎక్కకూడదు. కార్లు, పికప్‌లు వెళ్ళచ్చు. "ఇంత తొందరా?" అన్నాడు గ్రెగ్. అంతలోనే, "ఇంజనీర్‌వి నువ్వు, మట్టి సంగతి నీకే తెలుసు, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట నాకు బాగానే అనిపించింది.

ఫిబ్రవరి 22

మా ఆయన ఆశిష్ తన ఉద్యోగం ఉన్న షామ్‌బర్గ్ నుంచి శుక్రవారమే వచ్చాడు. ఇవాళ ఇద్దరం హిక్‌మన్ రోడ్డు చివరన వీరభద్రరావు అంకుల్ ఇంటికి వెళ్ళాం. ఆంటీ బాగా తగ్గిపోయింది. ఊపిరితిత్తులు రెండూ పోయాయట. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పక్కన గుర్రుమంటూ మిషను. వారానికి రెండుసార్లు నర్సు వచ్చి చూసి వెళుతోంది. హాస్పిటల్‌కి ఇక రానని ఆంటీ తేల్చి చెప్పేసింది.

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక్కతినే ఉండేదాన్ని. జాబ్‌లో చేరిన రెండో వారం, ఊళ్ళో ఇంకో తెలుగమ్మాయి ఉందని ఎవరో చెబితే ఆంటీ ఆఫీసుకే వచ్చేసింది, చేతిలో పప్పుచారు డబ్బాతో. ఈ రోజు ఆవిడ నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. తర్వాత, "సన్నబడ్డావే" అంది. ఆ ఒక్కమాటకే ఆయాసం.

అంకుల్ ఈ ఊరి ఆసుపత్రిలో సర్జన్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనే అన్నం వండి, ఆయనే పడక మారుస్తున్నారు. కాఫీ కలిపి ఇస్తూ, "హాస్పిటల్ చుట్టూ తిరగడంలో ఫాల్‌లో, చలి రాకముందు, గ్యాస్ ఫిల్ చేయించడం మర్చిపోయానమ్మా" అన్నారు. ఇంటిని వెచ్చబెట్టేది ఆ గ్యాసే. ఊరి గ్యాసు లైను అంత దూరం లేదు. ఇంటి పక్కన పెద్ద ట్యాంకు, ట్రక్కు వచ్చి నింపాలి.

లోపల ఆంటీ దగ్గింది, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఫిబ్రవరి 24

మళ్ళీ చలి మొదలైంది. లిండా ఫాస్ ఆఫీసుకి వచ్చింది. హిక్‌మన్ రోడ్డు మధ్యలో ఆవిడ ఆవుల ఫారం. దాణా లారీ ఒక్కటి రానివ్వమంది. "చలి పడుతోంది కదా, తెల్లారేసరికి నేల బిగుస్తుంది. పొద్దున్నే వచ్చి పోతాడు."

పైన బిగుస్తుంది కానీ లోపల బిగియదని చెప్పాను. అది చెరువు మీద కొత్త మంచు లాంటిదన్నాను. ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలన్నాను.

లిండా వాదించలేదు. "సరే, పికప్‌లో తెచ్చుకుంటాను. ట్రిప్పులు ఎక్కువవుతాయి, అంతేగా" అని చేతి తొడుగులు వేసుకుని వెళ్ళిపోయింది.

సరిగ్గానే చెప్పాను.

ఫిబ్రవరి 25

అంకుల్ ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడూ ఆఫీసు టైములో చేయరు.

"అమ్మా విద్యా, రోడ్డుకి బోర్డులు పెట్టారట, గ్యాస్ వాళ్ళు రాలేమంటున్నారు. ట్యాంకు అడుగంటింది."

"ఎన్నాళ్ళొస్తుంది అంకుల్?"

"ఈ కోల్డ్‌కి ఎల్లుండి దాకా రావచ్చు. తర్వాత ఫర్నేస్ ఆగిపోతుంది."

మా ఇంటికి వచ్చేయమన్నాను. కింద గది ఖాళీగానే ఉంది, ఆశిష్ వచ్చి సాయం పడతాడు అన్నాను.

"ప్రమోదని కదిపితే దారిలోనే పోతుంది. ఆ గదిలోనే పోనివ్వమంది. ఇన్నేళ్ళలో నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు" అన్నారు. తర్వాత ఏదో సర్దుకుంటున్నట్టు, "నీకు ఇబ్బందైతే వద్దమ్మా. రూల్ రూలే" అన్నారు.

ఇబ్బందేం లేదు అంకుల్ అన్నాను.

ఫిబ్రవరి 26

పొద్దున్నే వెళ్ళి చూశాను. చలికి కళ్ళల్లో నీళ్ళు. రోడ్డు ఇనుములా ఉంది. తూము దగ్గర అంచున ఇనప కడ్డీ దింపి చూశాను. జానెడు దాకా సుత్తితో కొట్టినా దిగలేదు. ఆ కింద మెత్తగా దిగింది, కొంచెం. కొంచెమే.

సగం లోడుతో, ఎండ ఎక్కకముందే, నెమ్మదిగా వెళ్ళేట్టయితే ఫరవాలేదు. ఇలాంటి పర్మిట్లు పక్క కౌంటీల్లో ఇస్తూనే ఉంటారు. గ్రెగ్‌కి చెప్పాను. ఫోన్‌లో ఉన్నాడు, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

గ్యాస్ కంపెనీకి ఫోన్ చేసి రేపు పొద్దున రావచ్చన్నాను. డ్రైవర్ కైల్ లైన్‌లోకి వచ్చి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో అడిగి తెలుసుకున్నాడు. "రోడ్డు మధ్యలోంచే పో, అంచుకి వెళ్ళకు" అన్నాను. "యెస్ మ్యామ్" అన్నాడు.

ఎవరికైనా ఇచ్చేదాన్నే. ఇంట్లో మనిషి ఆ స్థితిలో ఉంటే ఎవరికైనా.

ఫిబ్రవరి 27

రాయాలి. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆఫీసుకి బయల్దేరుతుంటే అంకుల్ ఫోన్. "ట్రక్కు పడిపోయిందమ్మా. నేను వెళుతున్నా." అంతే, పెట్టేశారు.

కారు అటు తిప్పాను. తూము దాటగానే, వాలులో. ట్రక్కు ఎడమవైపుకి ఒరిగి గుంటలో పడి ఉంది. రోడ్డు పైపెచ్చు పలకల్లా విరిగి లేచింది, ఆ సందుల్లోంచి బూడిదరంగు బురద పొంగుతోంది. అంత చలిలోనూ ఆ బురద నుంచి ఆవిరి వస్తోంది. గ్యాస్ వాసన. ఎక్కడో సన్నగా ఈల.

అంకుల్ అప్పటికే గుంటలోకి దిగి ఉన్నారు. పైజామా మీద కోటు. కైల్ ఎడమకాలు తలుపు కింద తొడ దాకా ఇరుక్కుంది. అంకుల్ రక్తం ఆగడానికి తన మఫ్లర్‌ని అతని తొడకి కట్టి, అందులో పానా దూర్చి మెలిపెట్టి పట్టుకున్నారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, పట్టు వదలడం లేదు. కైల్‌తో మాట్లాడుతూనే ఉన్నారు. "నీ గడ్డం మీద కుట్లు నావే, గుర్తుందా? సైకిల్ మీంచి పడ్డావు. అప్పుడూ ఏడవలేదు." కైల్ పెదాలు నీలంగా ఉన్నాయి. "మీరు లాలీపాప్ ఇస్తానని ఇవ్వలేదు డాక్" అన్నాడు.

నా కోటు అతనికి కప్పాను.

అప్పుడు ఫైర్ చీఫ్ ఫోన్ చేశాడు. ఫైరింజన్‌తో బోర్డు దగ్గరే ఆగిపోయారు. ఆ పెద్ద బండిలోనే ఉన్నాయి ఇనుమును కోసేవి, ట్రక్కును లేపేవి అన్నీ.

"విద్యా, నా బండి ఆ రోడ్డు మీద నిలబడుతుందా? అవునా కాదా చెప్పు."

నేను కైల్ వైపు చూశాను. అతను నావైపే చూస్తున్నాడు.

"నిలబడదు" అన్నాను.

పికప్‌లలో ఎక్కించినవి ఎక్కించి, మిగతావి మోసుకుంటూ వచ్చారు. బరువైనవి. ఒకతను జారి పడ్డాడు. గ్యాస్ వాల్వు కట్టేయడానికే చాలాసేపు పట్టింది, ఆ తర్వాతగానీ కోయడానికి లేదు. ఎంతసేపో రాయను. హెలికాప్టర్ లిండా పచ్చిక మైదానంలో దిగింది. కైల్‌ని ఎక్కించేటప్పుడు అంకుల్ వేళ్ళు ఆ పానా మీదినుంచి విడిపించడానికి ఇద్దరు కావలసివచ్చింది.

గ్యాస్ రాలేదు కదా. ఆంటీ సంగతి నాకు గుర్తు రాలేదు. లిండాకి గుర్తొచ్చింది. ఫారంలో ఉన్న కరెంటు హీటర్లు పికప్‌లో వేసుకుని అంకుల్ ఇంటికి తీసుకెళ్ళి పెట్టింది. గది వెచ్చగా ఉందట.

ఫిబ్రవరి 28

కాలు తీసేశారు. మోకాలి పైదాకా.

మార్చి 1

మా బేస్‌మెంట్‌లోనూ రెండు హీటర్లు ఉన్నాయి. ఆశిష్ అడిగాడు, "కార్‌లో వేసుకెళ్ళి ఇచ్చొస్తే సరిపోయేది కదా?" అని. తప్పుపడుతున్నట్టు కాదు, మామూలుగానే.

వాళ్ళది పాత ఇల్లు, ఆక్సిజన్ మిషనుతో పాటు హీటర్లు పెడితే వైరింగు తట్టుకోదు అన్నాను.

మార్చి 2

వైరింగు తట్టుకుంటూనే ఉంది.

మార్చి 3

నిన్న రాయనిది ఒకటుంది. నిన్న పొద్దున గ్రెగ్ తలుపు వేసి నన్ను కూర్చోబెట్టాడు. షెరిఫ్ ఆఫీసు పోలీసులు అడుగుతున్నారట.

"ఆ డ్రైవర్ అంచుకి వెళ్ళాడా?"

"వెళ్ళి ఉండొచ్చు."

"నువ్వు మధ్యలోంచే పొమ్మని చెప్పావు కదా."

"చెప్పాను."

"అయితే అంచుకి వెళ్ళే ఉంటాడు" అన్నాడు గ్రెగ్. అతని మొహం తేటపడింది.

నేను అబద్ధం చెప్పలేదు. వెళ్ళి ఉండొచ్చు అన్నాను, అంతే. మధ్యలోంచి వెళ్ళాడని కూడా ఎవరూ చూడలేదు కదా.

మార్చి 5

మళ్ళీ ఎండ. హిక్‌మన్ రోడ్డు మీద మట్టి పూర్తిగా వదులైపోయింది. ఆ రోజు టైర్ల గుర్తుల జాడే లేదు.

మార్చి 11

ఆశిష్ ఈ వారం ఇక్కడినుంచే పని చేస్తున్నాడు. నేను సరిగ్గా తినడం లేదట. అతనికి అంతా చెప్పాను. అంతా అంటే, చాలావరకు.

"అడిగితేనే చెప్పు. నీ అంతట నువ్వు వెళ్ళకు" అన్నాడు. "గ్రీన్ కార్డ్ నీ జాబ్ మీదే ఉంది విద్యా. నాది ఇంకా మొదలే కాలేదు. పదకొండేళ్ళు వెయిట్ చేశాం."

"అతనికి కాలు పోయింది."

"నువ్వేం చెప్పినా అది రాదు కదా."

నిజమే. రాదు.

మార్చి 16

ప్రమోద ఆంటీ పోయింది. నిద్రలోనే, తన గదిలోనే. అంకుల్ పక్కనే ఉన్నారట.

మార్చి 18

అంత్యక్రియలకి చాలామంది వచ్చారు. నేపర్‌విల్ నుంచి, షామ్‌బర్గ్ నుంచి ఆంటీ స్నేహితులు, ఊళ్ళోవాళ్ళయితే లెక్కే లేదు. బయట కార్ల దగ్గర లిండా పలకరించింది. ఆవిడ హీటర్లకి థాంక్స్ చెప్పాను. ఆ మాట పట్టించుకోనట్టు చెయ్యి తిప్పింది.

"ఒకటడగనా? కోపంతో కాదు. మంగళవారం నాకు కాదన్నావు. శుక్రవారానికి ట్రక్కుని రానిచ్చావు. ఆ మధ్యలో నేలకి ఏమైంది?"

"చలి ఎక్కువైంది."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ నా మొహం కాసేపు చూసి, "నేను కూడా డాక్ అడిగితే ఇచ్చేదాన్నే" అంది. "కానీ నేను ఇంజనీర్ని కాదు."

అంకుల్‌కి చెప్పకుండానే వచ్చేశాను.

మార్చి 29

అంకుల్ పిలిచారు. వెళ్ళాను. ఇల్లంతా నిశ్శబ్దం, మిషను లేదు కదా. కైల్ మీద కేసు రాశారని ఆయనే చెప్పారు. అజాగ్రత్తగా నడిపాడని. కంపెనీ తీసేసింది. తప్పు అతనిదే కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా వెనక్కి తగ్గుతున్నారట.

"నేను చూట్టానికి వెళ్ళాను. అతను కూడా అదే అనుకుంటున్నాడు, తానే ఎక్కడో పక్కకి పోనిచ్చానని" అన్నారు. "నేను వెళ్ళేసరికే బండి గుంటలో ఉంది. నాకు తెలీదు. నీకేమైనా తెలుసా అమ్మా?"

నేను కాఫీ తాగుతున్నాను.

"ప్రమోద వెచ్చగానే పోయింది విద్యా. దానికి నేను రోజూ దేవుడికి దండం పెట్టుకోవాలి. పెట్టుకోలేకపోతున్నా."

మార్చి 30

ఫిబ్రవరి ఇరవయ్యారున రాసింది మళ్ళీ చదివాను. కడ్డీ కొంచెం కాదు దిగింది. పైపెచ్చు పగలగొట్టాక నేను నెట్టలేదు కూడా, దాని బరువుకే అది దిగిపోయింది, పిడి దాకా. బయటికి లాగి, బురద గడ్డి మీద తుడిచి, కార్‌లో పెట్టుకుని వచ్చాను.

టైర్ల గుర్తులు చూశాను. ఆ రోజు, హెలికాప్టర్ వెళ్ళిపోయాక. తెల్లటి మంచుపొడి మీద, పికప్‌ల సన్నటి గుర్తుల కింద, తూము దాకా ట్రక్కు జోడు చక్రాల వెడల్పు గీతలు రెండు, రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన. అడుగులతో కొలిచాను. అటూ ఇటూ సమానం. మర్నాడే కాంట్రాక్టర్ వచ్చి ట్రక్కు లాగి ఆ మంచంతా తొక్కేశాడు. నేను తప్ప ఎవరూ చూడలేదు.

ఏప్రిల్ 9

కైల్ ఇంటికి వెళదామనుకున్నాను. వెళ్ళలేదు.

ఏప్రిల్ 14

ఈ రోజు కూడా ఊరి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

ఏప్రిల్ 18

కైల్ ఇంటికి వెళ్ళాను. ఆశిష్‌కి చెప్పలేదు.

వాకిట్లో చక్రాల కుర్చీ కోసం చెక్కతో కొత్తగా కట్టిన వాలు. తలుపు అతని భార్య మెలిసా తీసింది. నేనెవరో చెప్పాక లోపలికి రమ్మనలేదు, అలాగని తలుపూ వేయలేదు. కైల్ లోపలినుంచి, "రానీ" అన్నాడు.

సోఫాలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. పాంటు ఎడమకాలు మడిచి పిన్ను పెట్టి ఉంది. సారీ చెప్పబోతే ఆపాడు.

"అది తర్వాత. ముందు ఒకటి చెప్పండి. ఆ రోజు నేను బోర్డు దగ్గర ఆపి, దిగి, కాలితో తన్ని చూశాను. కాంక్రీట్‌లా ఉంది. అలాంటిది ఎలా పోయింది? ప్రతి రోజూ అక్కడికే వెళుతోంది నా బుర్ర. ఎక్కడ పక్కకి తిప్పానో గుర్తు రావడం లేదు."

"తిప్పలేదు" అన్నాను.

అర్థం కానట్టు చూశాడు.

చెప్పాను. జానెడు మందం మాత్రమే గట్టిగా ఉందని, దాని కింద మట్టికి బలం లేదని. బరువు పడ్డప్పుడు కింద ఆనుకోవడానికి ఏమీ లేక ఆ పెచ్చు విరిగిపోయిందని. కాలితో తంతే అది తెలియదని. టైర్ల గుర్తులు చూశానని, అతను రోడ్డు నడిమధ్యలోనే ఉన్నాడని. ఇంకెవరు నడిపినా అక్కడే పడేదని.

కైల్ మడిచిన పాంటు మీది పిన్నుని వేలితో తడిమాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "మెల్, ఇలా రా" అన్నాడు. ఆవిడ తడి చేతులతో వచ్చి నిలబడింది.

"ఇప్పుడు నాకు చెప్పింది తనకి చెప్పండి."

మళ్ళీ చెప్పాను. ఈసారి కడ్డీ సంగతీ చెప్పాను. కింద మెత్తగా ఉందని ముందురోజే నాకు తెలుసని. లిండా అడిగితే ఇవ్వలేదని, అంకుల్ అడిగితే ఇచ్చానని.

మెలిసా ఉన్నచోటే నేలమీద కూర్చుంది. "ఏడు వారాలు. ఏడు వారాలుగా ఈయన్ని అడుగుతూనే ఉన్నాను, ఆ రోజు ఫోన్ చూస్తూ నడిపావా అని" అంది. నావైపు చూడకుండానే, "ఇక వెళ్ళండి" అంది.

ఏప్రిల్ 20

గ్రెగ్‌కి చెప్పాను. షెరిఫ్ ఆఫీసులోనూ చెప్పాను. గ్రెగ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. అప్పుడు అతను ఈ జవాబు కోరుకోలేదని అందామనుకున్నాను. అనలేదు. నేను కూడా కోరుకోలేదు.

సాయంత్రం ఆశిష్‌కి ఫోన్‌లో చెప్పాను. అటువైపు కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. "సరే" అన్నాడు చివరికి. "ఇప్పుడు ఏం చేద్దాం" అని అతను అడగలేదు, నేనూ అడగలేదు.

మే 6

ఉద్యోగం పోయింది. గ్రీన్ కార్డ్ ఫైలు కూడా దానితోనే. ఆశిష్ వీసా మీదికి మారాలి, అంటే ఇక నేను పని చేయడానికి లేదు. సామాను షామ్‌బర్గ్ అపార్ట్‌మెంట్‌కి తరలిస్తున్నాం.

హిక్‌మన్ రోడ్డు మట్టి ఆరిపోయిందట. లారీలు తిరుగుతున్నాయట.

జూన్ 12

కైల్ కేసు ఈ రోజు కోర్టుకి వచ్చింది. షామ్‌బర్గ్ నుంచి నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. అంకుల్ వచ్చారు, వెనక వరసలో లిండా పక్కన కూర్చున్నారు. నన్ను అడిగినవన్నీ చెప్పాను. లిండా పేరు చెప్పాల్సివచ్చినప్పుడు ఆవిడ వైపు చూడలేకపోయాను.

కేసు కొట్టేశారు. ఇన్సూరెన్స్ వాళ్ళతో ఇక గట్టిగా మాట్లాడొచ్చని కైల్ లాయర్ అన్నాడు. కౌంటీ మీద దావా వేస్తారట. దానికీ నేను రావాలి. వస్తానన్నాను.

కైల్ ఒకసారి తల ఊపాడు. లాయర్‌కో, నాకో. నా దగ్గరికి రాలేదు, రావాలని నేను అనుకోకూడదు.

బయటికొచ్చేటప్పుడు మెలిసా ఆ బరువైన తలుపు తీసి పట్టుకుంది. నేను ముందున్నాను, వెనక కైల్ చక్రాల కుర్చీ వస్తోంది. తలుపు పట్టుకున్నది ఎవరి కోసమో నాకు తెలియలేదు. పక్కకి తప్పుకుని నిలబడ్డాను. కుర్చీ నా ముందునుంచి వెళ్ళింది. మెలిసా అతని వెనకే వెళ్ళింది. తలుపు నెమ్మదిగా మూసుకుంటుంటే ఈసారి నేను పట్టుకున్నాను, అంకుల్ కర్రతో మెల్లగా నడిచి వచ్చేదాకా.